చదరంగం గింజల సంఖ్య 18446744073709551615: పద్యం ఒకటి చెబుతోంది, కంప్యూటర్ ఇంకొకటి చెబుతోంది

గోదారిగట్టు · సోమవారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మా నాన్నగారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. నిన్న భోజనాల దగ్గర మా అమ్మాయి చదరంగం గింజల కథ మొదలుపెట్టింది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్లూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలు తాతయ్యా అని అడిగింది. ఆయన అన్నం కలుపుతూనే పద్యం అందుకున్నారు:

శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాగ్నిభూ
ధరగగనాబ్ధివేదగిరితర్కపయోనిధిపద్మజాస్యకుం
జరతుహినాంశు...

అక్కడికి ఆపి, "అంకెలన్నీ వచ్చేశాయి, ఇక రాసుకో" అన్నారు. 11వ శతాబ్దపు పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యమట. ఆయన చెప్పినట్టు రాస్తే 18446744073709551615 వచ్చింది.

అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి బ్రౌజర్‌లో 2ను 64 సార్లు గుణించి ఒకటి తీసేసింది. 18446744073709552000 అని చూపించింది. పోనీ అని పద్యంలోని అంకెలే ఎక్సెల్‌లో కొడితే 18446744073709500000 అయి కూర్చుంది. ఇప్పుడు మా ఇంట్లో మూడు జవాబులున్నాయి. నాన్నగారు పద్యాన్ని వదలరు, అమ్మాయి కంప్యూటర్‌ని వదలదు. ఏది సరైనది? చేత్తో సరిచూసుకునే దారి ఉంటే చెప్పండి, ఇద్దరికీ కాగితం మీద చూపించాలి.

బిట్టుబైటు · సోమవారం రాత్రి 9:31

పద్యమే సరి. నూటికి నూరుపాళ్లు.

బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యలను దశాంశాలకు పనికొచ్చే పద్ధతిలో దాచుకుంటుంది. అందులో ఒక సంఖ్య అంకెల కోసం 53 బిట్ల (ఒక్కో బిట్‌లో 0 గానీ 1 గానీ పడుతుంది) చోటే ఉంటుంది. మన సంఖ్యకు 64 కావాలి. కాబట్టి ఈ ఎత్తున అది ప్రతి సంఖ్యనూ గుర్తుపెట్టుకోలేదు, 2048కి ఒకటి చొప్పున మెట్లు మెట్లుగా పోతుంది. 615తో ముగిసే మన సంఖ్యకు అన్నిటికంటే దగ్గరి మెట్టు 616తో ముగిసేది, అంటే 2⁶⁴. మీ అమ్మాయి ఒకటి తీసేసినా ఆ తీసివేత దానికి అందలేదు. పైగా తెరమీద చూపేటప్పుడు, ఆ మెట్టును గుర్తుపట్టడానికి ఎన్ని అంకెలు చాలో అన్నే రాసి మిగతావి సున్నాలతో నింపింది. ఎక్సెల్ ఇంకా ముందే ఆగుతుంది. 15 అంకెలు ఉంచుకుని తర్వాతవన్నీ సున్నాలు చేసేస్తుంది.

పైథాన్‌లో 2**64 - 1 కొట్టమనండి. పద్యంలో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అది పూర్ణసంఖ్యలకు ఎంత చోటు కావాలంటే అంత తీసుకుంటుంది.

మాకు ఈ సంఖ్య రోజూ ఎదురయ్యేదే. 64 బిట్లూ ఒకట్లే అయితే వచ్చే విలువ ఇది. గుర్తు లేని 64 బిట్ల పూర్ణసంఖ్యకు ఇదే పై హద్దు. దీనికి ఒకటి కలిపితే అన్నీ సున్నాలై మొదటికొస్తుంది. ఇదే సంఖ్యకు తెలుగులో పద్యం ఉందని ఇవాళే తెలిసింది. పదకొండేళ్లుగా కోడ్ రాస్తున్నాను, ఎవరూ చెప్పలేదు.

లెక్కలమాష్టారు · సోమవారం రాత్రి 9:52

గోదారిగట్టు గారూ, కంప్యూటర్ జోలికి పోకుండానే రెండు జవాబులను కొట్టేయొచ్చు.

మొదటి గడిలో ఒక్క గింజ. ఆ తర్వాత ప్రతి గడిలోనూ సరిసంఖ్యే. సరిసంఖ్యలన్నీ కలిపి ఒకటి చేరిస్తే బేసి సంఖ్య రాక తప్పదు. మీ దగ్గరున్న మూడింటిలో బేసిది ఒకటే.

చివరి అంకె కూడా చూడండి. రెట్టిస్తూ పోతే చివరి అంకెలు 2, 4, 8, 6 అని తిరుగుతుంటాయి. 64ను నాలుగు భాగిస్తుంది కాబట్టి 2⁶⁴ చివర 6 ఉండాలి. ఒకటి తీస్తే 5. పద్యంలో మొట్టమొదటి మాట "శర", అంటే 5. మన్మథుడి బాణాలు అయిదు కదా.

చదరంగప్రియుడు · సోమవారం రాత్రి 10:05

క్షమించాలి, నాకు పద్యంలో అంకెలు ఎలా వస్తున్నాయో అర్థం కాలేదు. ఒక్కో మాట విడగొట్టి చెబుతారా? మన సంఖ్య 1తో మొదలవుతుంటే పద్యం 5తో మొదలవడమేమిటి?

పద్యప్రియ · సోమవారం రాత్రి 10:40

దీన్ని భూతసంఖ్యా పద్ధతి అంటారు. లోకంలో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో అదే దాని అంకె. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి, "అంకానాం వామతో గతిః" అన్నది ఆ నియమమే. అందుకే పద్యం 5తో మొదలై 1తో ముగుస్తుంది.

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9 (దేహానికి నవరంధ్రాలు), వియత్ 0 (ఆకాశం), నగ 7, అగ్ని 3 (త్రేతాగ్నులు). ఇవి పది. భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4 (బ్రహ్మ ముఖాలు), కుంజర 8 (దిగ్గజాలు), తుహినాంశు 1 (మళ్లీ చంద్రుడే). ఇవి మరో పది. మొత్తం ఇరవై.

కుడి నుంచి ఎడమకు రాయండి. అంతే.

ఇందులో నాకు బాగా నచ్చినది, కొండకు మూడు పేర్లు, చంద్రుడికి మూడు పేర్లు, బాణానికి రెండు పేర్లు రావడం. ఊరికే అందం కోసం కాదు. ఛందస్సులో ఎక్కడ ఏ మాట ఇముడుతుందో చూసి వేసినవి. ఇది చంపకమాల. న-జ-భ-జ-జ-జ-ర గణాలు, 11వ అక్షరం యతిస్థానం. మొదటి పాదంలో "శ"కు "సా" యతి. రెండో పాదంలో "ధ"కు "త". ప్రాస అక్షరం "ర": శర, ధర, జర.

చదరంగప్రియుడు · సోమవారం రాత్రి 10:58

ఇప్పుడు అర్థమైంది, చాలా సంతోషం. కానీ ఒక సందేహం. సప్తసముద్రాలు కదా? అబ్ధి, పయోనిధి 4 ఎందుకయ్యాయి? 7 వేస్తే సంఖ్యే మారిపోతుందిగా.

పద్యప్రియ · సోమవారం రాత్రి 11:10

మంచి ప్రశ్న. కథల్లో ఏడు సముద్రాలే. గణిత, జ్యోతిష గ్రంథాల్లో మాత్రం సముద్రానికి 4 అన్నది స్థిరపడిన వాడుక, నాలుగు దిక్కులా నాలుగు సముద్రాలు. చదువుకున్నవాడు పొరబడడు. కొత్తగా చూసినవాడు పొరబడితే పట్టుకునే మార్గం పద్యంలో లేదు. మాష్టారు చెప్పాలి.

లెక్కలమాష్టారు · మంగళవారం ఉదయం 6:20

ఉంది. తొమ్మిదితో శేషం చూడడం. మా చిన్నప్పుడు పెద్ద గుణకారాలన్నీ ఇలాగే సరిచూసేవాళ్లం.

రెట్టింపులను 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1, ఆపైన మళ్లీ 2. ఆరేసి చొప్పున తిరుగుతాయి. 64 అంటే అరవై పోగా నాలుగు. నాలుగో శేషం 7. కాబట్టి 2⁶⁴ శేషం 7, ఒకటి తీస్తే 6.

పద్యంలోని అంకెలన్నీ కూడండి: 87. ఎనిమిదీ ఏడూ 15. ఒకటీ అయిదూ 6. సరిపోయింది.

ఇప్పుడు రెండు సముద్రాలనూ ఏడేసి చేసి చూడండి. మొత్తం 93 అవుతుంది, శేషం 3. దొరికిపోయాడు. ఒక్క సముద్రాన్నే మార్చినా 90, శేషం సున్నా. అప్పుడూ దొరుకుతాడు. మూడుతో మాత్రం సరిచూస్తే లాభం లేదు, 4కూ 7కూ తేడా మూడే కదా. తొమ్మిది కావాల్సిందే.

పద్యప్రియ · మంగళవారం ఉదయం 8:02

మాష్టారూ, మీరు చెప్పింది చదివాక రాత్రంతా మనసులో మెదిలిన విషయం రాస్తున్నాను. ఛందస్సు కూడా ఇలాంటి కాపలాయే.

రాతప్రతి రాసేవాడు "వేద గిరి" అన్నదాన్ని "గిరి వేద" అని తారుమారు చేశాడనుకోండి. అంకెల మొత్తం మారదు, మీ తొమ్మిది శేషం పట్టుకోలేదు. కానీ "వేదగిరి" గురు-లఘు-లఘు-లఘువు, "గిరివేద" లఘు-లఘు-గురు-లఘువు. గణం విరిగిపోతుంది. చదివేవాడి నోరే ఆగిపోతుంది.

"వేద" బదులు "బాణ" అని పడితే? రెండూ గురు-లఘువులే. ఆ చోట యతీ లేదు, ప్రాసా లేదు. పద్యం హాయిగా నడుస్తుంది, 4 కాస్తా 5 అయిపోతుంది. అక్కడ మీ తొమ్మిది పట్టుకుంటుంది.

"సాయక" అన్నది మరిచిపోయి అక్కడ "బా"తో మొదలయ్యే బాణం పేరు ఏది వేసినా విలువ 5 కాబట్టి అంకె చెడదు, కానీ "శ"కు "బా" యతి కుదరదు. అర్థం తెలిసినవాడికి అక్కడ మూలపాఠం వేరే ఉందని తెలుస్తుంది.

ఒకటి వదిలింది ఒకటి పట్టుకుంటోంది. వచనంలో అంకెలు వరుసగా రాసి ఉంటే ఇన్ని వందల ఏళ్ల నకళ్లలో ఒక్కటైనా జారిపోకుండా ఉండేదా?

బిట్టుబైటు · మంగళవారం ఉదయం 8:15

ఫైళ్లు పంపేటప్పుడు మేం చివర ఒక సరిచూపు సంఖ్య జోడిస్తాం, దారిలో ఏమైనా చెడితే తెలియడానికి. మీరు చెబుతున్నది అచ్చంగా అదే. పక్కపక్క అంకెలు తారుమారైతే పట్టుకోవడానికి ఇంకో పద్ధతి 11తో శేషం. కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ పోతే ఈ సంఖ్యకు 37 వస్తుంది, 11తో శేషం 4. రెట్టింపుల శేషాలు 11తో పదేసి చొప్పున తిరుగుతాయి. నాలుగోది 5, ఒకటి తీస్తే 4. సరిపోయింది.

వరిచేను · మంగళవారం మధ్యాహ్నం 1:30

లెక్కల్లో నేను అంత దూరం పోలేను గానీ గింజల సంగతి నేను చూసుకుంటాను. మాది బాపట్ల వైపు. మా బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, వెయ్యి వడ్లు తూచితే సుమారు 15 గ్రాములు. ఆ లెక్కన ఈ గింజలన్నీ సుమారు 27,700 కోట్ల టన్నులు. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే ఒక్క గింజ తినకుండా దాచినా మూడు వందల నలభై ఏళ్ల పైమాట.

మొదటి వరుస ఎనిమిది గళ్లకు 255 గింజలు, నాలుగు గ్రాములు కూడా లేవు. గుప్పిట్లో కనపడవు.

గోదారిగట్టు · మంగళవారం రాత్రి 8:47

ఇంట్లో శాంతి కుదిరింది! బేసి సంఖ్య మాట చెప్పగానే అమ్మాయి ఒప్పేసుకుంది. తొమ్మిది శేషం నాన్నగారే స్వయంగా వేశారు.

అమ్మాయి ఇంకో విషయం పట్టుకుంది. ఈ ఇరవై అంకెల్లో 0, 1, 3 నుంచి 9 వరకూ అన్నీ ఉన్నాయి, 2 ఒక్కటే లేదు. రెండుతో రెట్టించి రెట్టించి కట్టిన సంఖ్యలో రెండు లేకపోవడమేమిటని ఆశ్చర్యపోతోంది. పద్యంలో "నేత్ర" గానీ "కర" గానీ ఎందుకు లేవో ఇప్పుడు తెలిసిందన్నారు నాన్నగారు. దీనికి కారణమేమైనా ఉందా?

లెక్కలమాష్టారు · మంగళవారం రాత్రి 9:20

అమ్మాయికి నా ఆశీస్సులు. దానికి లోతైన కారణమేమీ లేదు, పదుల్లో రాయడం వల్ల అలా పడింది. లోతు ఉన్న చోటు వేరే ఉంది, కారణాంకాలు. అవి చదరంగం బల్లను మడతపెడితే కనపడతాయి.

బల్లను సగానికి మడవండి. మొదటి 32 గళ్ల మొత్తాన్ని "సగం" అందాం. రెండో సగంలోని ప్రతి గడీ మొదటి సగంలో తనకు సరిజోడైన గడికి 4294967296 రెట్లు, అంటే 2³² రెట్లు. కాబట్టి మొత్తం బల్ల = సగం × 4294967297. ఆ సగాన్ని మళ్లీ మడవండి. అది 16 గళ్ల మొత్తం × 65537. మళ్లీ మడిస్తే 257. మళ్లీ 17. మళ్లీ 5. మళ్లీ 3. ఇక మిగిలింది ఒక్క గడి, ఒక్క గింజ.

64 అంటే రెండును ఆరుసార్లు వేసి గుణించినది. అందుకే సరిగ్గా ఆరు మడతలు, ఆరు కారణాంకాలు:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మూడూ అయిదూ 15. దాన్ని 17తో గుణిస్తే 255. 257తో గుణిస్తే 65535. 65537తో గుణిస్తే 4294967295, అంటే సగం బల్ల. ప్రతిసారీ తర్వాతి కారణాంకానికి రెండు తక్కువ దగ్గర ఆగుతుంది.

ఈ కారణాంకాలకు చరిత్ర ఉంది. 1640లో ఫెర్మా ఇవన్నీ ప్రధానసంఖ్యలేనని నమ్మాడు. 3, 5, 17, 257, 65537 నిజంగానే ప్రధానాలు. ఆరోది కాదు. 1732లో ఆయిలర్ దాన్ని విడగొట్టాడు: 4294967297 = 641 × 6700417. తొంభై ఏళ్ల నమ్మకం ఒక్క భాగహారంతో పోయింది.

మేరువు · మంగళవారం రాత్రి 10:02

నమస్తే మాష్టారూ, వరంగల్‌లో ఎమ్మెస్సీ గణితం చదువుతున్న. మీరు ఆయిలర్ దగ్గర ఆగిన్రు గదా, 641 గుడ్డిగా దొరికింది కాదని చెప్పాలనిపించింది.

ఆ సంఖ్యను భాగించే ప్రధానం ఏదైనా 64 గుణిజానికి ఒకటి ఎక్కువే కావాలని ఆయిలర్ గుర్తించిండు. తర్వాత లూకా ఇంకా బిగించి 128 గుణిజానికి ఒకటి ఎక్కువ అని చూపిండు. అట్ల చూస్తే 129, 257, 385, 513, 641. వీటిలో ప్రధానాలు 257, 641 రెండే. 257 భాగించదు. రెండో ప్రయత్నంలోనే పని అయిపోయింది!

భాగహారం చెయ్యకుండనే చూపొచ్చు. 641ని రెండు తీర్లుగా రాయండి:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

మొదటిదాని ప్రకారం 5 × 2⁷ ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. దాన్ని నాలుగుసార్లు వేసి గుణిస్తే 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాని ప్రకారం 5⁴ బదులు −2⁴ పెట్టొచ్చు. అప్పుడు −2³² శేషం 1. అంటే 2³² + 1 శేషం సున్నా. అయిపోయింది. బీఎస్సీల మా సార్ బోర్డు మీద ఇది చేసిన రోజు నేను గణితమే చదవాలని నిశ్చయించుకున్న.

కాబట్టి మన పద్యం సంఖ్య పూర్తి విడగొట్టుడు:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు ప్రధానాలు, ఏదీ రెండుసార్లు రాలే. అందుకని దీనికి భాజకాలు సరిగ్గా 128.

ఆ లూకానే 1883లో హనోయి గోపురం ఆట తెచ్చిండు, మూడు కడ్డీల మీద బిళ్లలను ఒక్కొక్కటే, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండ మార్చే ఆట. కాశీలో 64 బంగారు బిళ్లలున్నయని దానికి ఒక కథ జోడించిన్రు. ఆ బిళ్లలన్నీ ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మార్చాలంటే కనీసం ఎన్ని ఎత్తులు కావాల్నో తెలుసా? ఇదే సంఖ్య. సెకనుకు ఒకటి చొప్పున సుమారు 58 వేల కోట్ల ఏళ్లు.

చదరంగప్రియుడు · మంగళవారం రాత్రి 10:25

మేరువు గారూ, మీ పేరు చూసి అడుగుతున్నాను. పింగళుడి మేరు ప్రస్తారానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

మేరువు · మంగళవారం రాత్రి 11:15

ఉన్నది, అందుకే ఆ పేరు పెట్టుకున్న.

మేరువు కట్టుడు తెలిసిందే గదా. పైన ఒకటి, కింద 1 1, దాని కింద 1 2 1, ఆ తర్వాత 1 3 3 1. పైనున్న రెండింటిని కలిపితే కిందిది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి హలాయుధుడు 10వ శతాబ్దంల రాసిన వ్యాఖ్యానంల ఇది స్పష్టంగ ఉన్నది. ఇన్ని అక్షరాల పాదంల ఇన్ని లఘువులుంటే ఎన్ని వృత్తాలు వస్తయో లెక్కపెట్టుటానికి.

ఇప్పుడు బేసి ఉన్న చోట 1, సరి ఉన్న చోట 0 రాయండి. ఒక్కో వరుసను రెండ్ల స్థానాలల్ల చదవండి. 1, 11, 101, 1111, 10001, 110011... అంటే 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... మాష్టారు మడతలు పెట్టినప్పుడు వచ్చిన కారణాంకాలు, వాటి లబ్ధాలు! మొదటి 32 వరుసలు సరిగ్గా సగం బల్ల సంఖ్య 4294967295 భాజకాలే, ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

33వ వరుసల మొదట 1, చివర 1, నడుమ 31 సున్నాలు. అది ఆయిలర్ విడగొట్టిన 4294967297. ఇక 64వ వరుసల ఉన్న 64 సంఖ్యలూ బేసే. అరవై నాలుగు ఒకట్లు. అదే మల్లన సంఖ్య.

ఇంకొక్కటి చెప్పి ఆపుత. గౌస్ 1796ల, 19 ఏళ్లు నిండకముందే, 17 భుజాల సమ బహుభుజిని కేవలం స్కేలు, వృత్తలేఖినితో గీయొచ్చని తేల్చిండు. బేసి భుజాలతోని అట్ల గీయగల బహుభుజులు మనకు తెలిసినంతల 31 ఉన్నయి. వాటి భుజాల సంఖ్యలు మేరువుల 2వ వరుస నుంచి 32వ వరుస దాకా చదివినవే.

వరిచేను · బుధవారం ఉదయం 5:50

పొలానికి పోతూ రాస్తున్నాను. నిన్న రాత్రే కాగితం మీద మేరువును 16 వరుసలు వేసి బేసి చోట చుక్కలు పెట్టాను. ముగ్గులా వచ్చింది. త్రికోణంలో త్రికోణాలు. మా ఇంట్లో ఆడవాళ్లకు చూపించాను, సంక్రాంతికి వేస్తామన్నారు.

బిట్టుబైటు · బుధవారం ఉదయం 9:05

నాకు ఒక ప్రశ్న. మల్లన గారు ఇరవై అంకెల సంఖ్యను తప్పు లేకుండా ఎలా రాబట్టి ఉంటారు? 63 సార్లు రెట్టించి, తర్వాత 64 సంఖ్యలూ కూడారా?

లెక్కలమాష్టారు · బుధవారం ఉదయం 10:30

అన్ని కూడికలు అక్కర్లేదు. ఏ గడిలోనైనా, అంతకుముందున్న గళ్లన్నిటి మొత్తం కంటే ఒక గింజ ఎక్కువ ఉంటుంది. 1, 2, 4 మొత్తం 7, తర్వాతి గడిలో 8. కాబట్టి 65వ గడి ఊహించుకుని ఒకటి తీసేస్తే చాలు.

ఆ 65వ గడికీ రెట్టింపులు అక్కర్లేదు. వర్గాలు చేయండి. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆపైన 2⁶⁴. ఆరు వర్గాలు. బల్లకు ఆరు మడతలు అన్నానే, అదే ఇది వెనక నుంచి. చివరి రెండే చెమట పట్టించేవి. 1000వ సంవత్సరం ప్రాంతంలో అల్ బిరూనీ ఇదే మొత్తాన్ని ఇలా వర్గాల మీదే రాబట్టాడు. ఛందశ్శాస్త్రంలో పింగళుడు కూడా వృత్తాల సంఖ్యకు సగం చేస్తూ పోయి వర్గం చేస్తూ వెనక్కి వచ్చే పద్ధతి ఇచ్చాడు. గణితం చదువుకున్న మల్లన గారికి ఆ దారి కొత్త కాదు. మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు చేసిన మనిషి ఆయన.

తెలుగులో చదవాలంటే: 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615.

పద్యప్రియ · బుధవారం మధ్యాహ్నం 12:20

మాష్టారూ, పింగళుడి పేరు ఎత్తారు కాబట్టి ఇది చెప్పాల్సిందే. ఛందస్సు చదివేవాళ్లు "ఉద్దిష్టం" అని ఒకటి నేర్చుకుంటారు. ఒక వృత్తం ప్రస్తారంలో (గురులఘువుల అమరికలన్నీ వరుసగా రాసిన పట్టికలో) ఎన్నోదో కనుక్కునే పద్ధతి. అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8 అని రెట్టిస్తూ రాసుకోవాలి. లఘువుల మీద ఉన్నవాటిని కూడి ఒకటి కలపాలి.

అక్షరాల మీద రాసే ఆ సంఖ్యలు చదరంగం గళ్లలోని గింజలే!

64 అక్షరాల పాదం ఊహించుకోండి, ప్రతి అక్షరం ఒక గడి. అన్నీ లఘువులైతే ఉద్దిష్టంలో కూడేది మొత్తం బల్ల. అంటే పద్యంలోని సంఖ్య, 64 అక్షరాల ప్రస్తారంలో సర్వలఘువుకు ముందున్న వరుసల సంఖ్య. మల్లన చదరంగం లెక్కను ఛందస్సులో పెట్టారని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ లెక్క ఛందస్సు చదివేవాడికి ముందే చేతిలో ఉన్నది.

సరే, పద్యం నడిచే చంపకమాలకే ఉద్దిష్టం వేశాను. 21 అక్షరాలు, ఒక్కో పాదానికి 2097152 వృత్తాలు సాధ్యం. లఘువుల మీది సంఖ్యలు కూడితే 711599. ఒకటి కలిపితే 711600. చంపకమాల ప్రకృతి ఛందంలో, అంటే 21 అక్షరాల ఛందంలో, 711600వ వృత్తం. గోదారిగట్టు గారూ, నాన్నగారికి వినిపించండి.

గోదారిగట్టు · గురువారం ఉదయం 7:10

వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు పెట్టుకుని అమ్మాయి పాత నోటుబుక్కు తీసుకుని వరండాలో కూర్చున్నారు. గంటన్నర తర్వాత పిలిచారు.

ముందు మీ 711600 సరిచూశారు. తర్వాత ఉత్పలమాలకు వేశారు, 355799. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తూ, "ఉత్పలమాల సంఖ్యను రెట్టించి రెండు కలుపు" అన్నారు. అమ్మాయి కూడింది. 711598కి రెండు, 711600.

ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులు చేస్తే చంపకమాల వస్తుందని ఆయన ముప్పై రెండేళ్లు పిల్లలకు చెప్పారు. మిగతా అక్షరాలన్నీ ఒక గడి ముందుకు జరుగుతాయి, అందుకని రెట్టింపు. కొత్తగా వచ్చిన లఘువులు మొదటి రెండు గళ్లలో మూడు గింజలు తెస్తాయి. ఉద్దిష్టంలో కలిపే ఆ ఒకటి రెట్టింపులో రెండుసార్లు పడుతుంది కాబట్టి, ఒకటి తీసి మూడు కలపాలి. అంటే రెండు. ఇదంతా అమ్మాయికి ఆయనే విప్పి చెప్పారు.

"అలాగైతే శార్దూలానికీ మత్తేభానికీ కూడా ఇదే కావాలి తాతయ్యా" అంది అది. అక్కడా మొదటి గురువే కదా రెండు లఘువులయ్యేది. వేశారు. శార్దూలం 149337. రెట్టించి రెండు కలిపితే 298676. మత్తేభానికి విడిగా ఉద్దిష్టం వేసి చూశారు.

298676 వచ్చింది. ఇద్దరూ ఆ పేజీ కింద తేదీ వేసి సంతకాలు పెట్టారు.